లెపర్డ్ గెకో గుడ్లు, పిల్లలు: గుడ్డు పెట్టిన రోజు నుంచి రెండో నెల దాకా

మా అమ్మ కోళ్ళు పెంచిన మనిషి. ఆర్నెల్ల కోసం డాలస్ వచ్చినప్పుడు మా క్లోజెట్‌లోని ఇంక్యుబేటర్‌లో రెండు తెల్లటి గుడ్లు చూసింది. అవి నేను పెంచే లెపర్డ్ గెకో అనే బల్లి గుడ్లని తెలిసి రెండు రోజులు ఆ గదివైపు రాలేదు. మూడో రోజుకి మనసు ఆగలేదు. నేను ఆఫీసుకెళ్ళాక మూత తీసి, రెండింటినీ పదిలంగా తిప్పి పెట్టింది. సాయంత్రం తనే చెప్పింది: "కోడైతే రోజుకి ఎన్నిసార్లు తిప్పుద్దో! నువ్వు ఒక్కసారి కూడా తిప్పవేంరా?" గుడ్లు పెట్టి అప్పటికి పన్నెండు రోజులు. వారం తిరిగేసరికి ఒకటి పసుపు రంగుకి మారి కుంగిపోయింది. రెండోది ఎలాగో నిలిచింది.

తప్పు అమ్మది కాదు, డబ్బా మీద కాగితం అంటించని నాది. కోడిగుడ్డును తిప్పకపోతే పిండం పెంకుకు అంటుకుని చచ్చిపోతుంది. గెకో గుడ్డులో పిండం పైభాగాన పెంకు లోపలికి అంటుకునే పెరుగుతుంది, తిప్పితే ఊడిపోతుంది. కోళ్ళ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ చాలావరకు తలకిందులు. ఈ పనిలో నేను చేసిన నష్టాలన్నీ ఏదో ఒకటి చెయ్యాలన్న తొందరలో చేసినవే.

ముందుగా, మీ దగ్గరున్నది ఏ గెకో?

కింద రాసినదంతా లెపర్డ్ గెకో గురించి. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం దీని సొంత ఊళ్ళు. కనురెప్పలు ఉంటాయి, గోడలెక్కదు, గుడ్డు పెంకు తోలులా మెత్తగా ఉంటుంది. క్రెస్టెడ్ గెకో అయితే లెక్క వేరు. దాని గుడ్లకు 22-24 డిగ్రీల సెల్సియస్ చాలు, చాలా ఇళ్ళలో ఇంక్యుబేటర్ అక్కర్లేదు, కాకపోతే పిల్లలు రావడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. టోకే గెకో, డే గెకోల్లో కొన్ని జాతులు గట్టి పెంకు గుడ్లను అద్దానికో చెక్కకో అతికించేస్తాయి. వాటిని పీకితే పగులుతాయి, అతికిన చోటే ఉంచి చుట్టూ చిన్న కప్పు బోర్లించండి.

ఊళ్ళో మన ఇంట్లో ట్యూబులైటు వెనకో ఫోటో వెనకో కనిపించే చిన్న తెల్లగుడ్లు గోడబల్లివి. వాటికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మన తూర్పు కనుమల్లో లెపర్డ్ గెకోకి దగ్గర చుట్టం ఒకటి ఉంది. విషం ఉందని భయపడి జనం చంపేస్తుంటారు కానీ దానికి ఏ విషమూ లేదు. అలాగని పట్టి తెచ్చి పెంచాలనుకోవద్దు. అది అడవి జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉంది.

తల్లి సిద్ధంగా ఉందా?

ఆడ గెకో కనీసం 45-50 గ్రాముల బరువు తూగి, ఏడాది దాటి, తోక లావుగా ఉంటేనే మగదానితో కలపండి. తోకే దాని బియ్యం బస్తా. గుడ్లు తయారవడానికి అందులోంచే తీసుకుంటుంది. జత కట్టిన మూడు నాలుగు వారాలకు పొట్టను కింది నుంచి చూస్తే చర్మం లోంచి రెండు తెల్లటి కోడిగుడ్డు ఆకారాలు మసగ్గా కనిపిస్తాయి. పెట్టే రోజు దగ్గరపడితే తిండి మానేసి, రాత్రంతా మూలలు తవ్వుతుంది.

ఒక్కసారి జత కడితే చాలు, మగదాని వీర్యాన్ని దాచుకుని సీజనంతా విడతలు విడతలుగా పెడుతుంది. విడతకు సాధారణంగా రెండు, రెండు నుంచి నాలుగు వారాలకో విడత. మొదటి సీజన్లో ఒక్కో గుడ్డే రావచ్చు. మగదానితో ఎన్నడూ కలవని ఆడది కూడా పెట్టొచ్చు, అవి పిల్ల రాని గొడ్డు గుడ్లు. మగదాన్ని అదే ట్యాంకులో వదిలేయకండి, వెంటపడి ఆడదాన్ని తిననివ్వదు.

ఒక మాట ముందే చెప్పాలి. లెమన్ ఫ్రాస్ట్ అనే రంగు రకాన్ని జత కట్టించొద్దు. ఆ రంగు తెచ్చే జన్యువే చర్మంలో కణితులు తెస్తుంది. ఎనిగ్మా రకానికి తల తిప్పుతూ గుండ్రంగా తిరిగే నరాల జబ్బు ఉంది. చూడ్డానికి ఎంత బాగున్నా సరే, పిల్లలకు జబ్బు అంటగట్టడమే అవుతుంది.

గుడ్లు పెట్టే డబ్బా

ఐస్‌క్రీం డబ్బా లాంటి మూతున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పక్కన గెకో దూరేంత రంధ్రం చేసి, అంచులు గరుకు లేకుండా రుద్దండి. లోపల నాలుగు అంగుళాల మందాన తడిపిన కోకోపీట్ వెయ్యండి. మన కొబ్బరి పొట్టే, ఇక్కడ ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. పిడికిట పడితే ముద్ద అవ్వాలి, నీళ్ళు కారకూడదు. డబ్బాను ట్యాంకులో వెచ్చటి వైపు, హీట్ మ్యాట్‌కు (కింద పరిచే వేడి పలక) కాస్త ఎడంగా పెట్టండి. డబ్బా లేకపోతే గెకో ఎక్కడో పొడి మూలన పెడుతుంది, తెల్లారేసరికి గుడ్లు ఎండిపోయి ఉంటాయి.

రోజూ పొద్దున, రాత్రి డబ్బా చూడండి. తల్లి పొట్ట ఒక్కసారిగా లోపలికి పోయి, పక్కల చర్మం ముడతలు పడి కనిపిస్తే పెట్టేసినట్టే. తోలు గుడ్లు పొడి గాలిలో గంటల్లోనే నీరు కోల్పోతాయి.

గుడ్లు తీయడం

ఇక్కడే నిదానం కావాలి. చేతులు కడుక్కుని, వేలితో కొబ్బరి పొట్టును పక్కకు తోయండి. మొదటి గుడ్డు తెల్లగా అంచు కనిపించగానే ఆగి, పైనున్న వైపున మెత్తటి పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. స్కెచ్ పెన్నులు వద్దు, పెంకు సిరాను పీలుస్తుంది. తర్వాత రెండు వేళ్ళతో, ఎలా ఉన్నది అలాగే ఎత్తి, అలాగే ఇంక్యుబేటర్ డబ్బాలో దించండి. పెట్టిన కొద్ది గంటల్లోపయితే కాస్త కదిలినా ఫర్వాలేదు, ఒక రోజు దాటితే గుర్తు పైకే ఉండాలి. రెండు గుడ్లు అతుక్కుని ఉంటే విడదీయొద్దు, జంటగానే పెట్టండి.

గుడ్డు దాదాపు అంగుళం పొడవు, దానిలో సగం వెడల్పు ఉంటుంది. అప్పుడే పెట్టింది కాస్త మెత్తగా, జిగటగా ఉండి, ఒకట్రెండు రోజుల్లో బిగుతుగా, సుద్ద తెలుపుగా మారుతుంది. ఎప్పటికీ బిగుతెక్కకుండా, నీళ్ళ బెలూన్‌లా వేలాడుతుంటే అది చాలావరకు గొడ్డు గుడ్డే.

నాలుగైదు రోజుల తర్వాత చీకట్లో చిన్న ఎల్‌ఈడీ టార్చిని గుడ్డు పక్కన ఆనించి చూడండి. ఎత్తకండి, టార్చినే గుడ్డు దగ్గరికి తీసుకెళ్ళండి. లోపల గులాబీ వెలుగు, దాని మధ్య ఎర్రటి చుక్కో వలయమో, తర్వాత్తర్వాత సన్నటి రక్తనాళాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. అంతా ఒకే పసుపు అయితే లేనట్టు. అమ్మ ఊళ్ళో లాంతరు ముందు కోడిగుడ్డు పట్టి చూసేదిట. ఇది చూపించినప్పుడే మొదటిసారి మా గెకోలంటే ఆవిడకి సరదా పుట్టింది. అనుమానమున్న గుడ్డును పారేయకండి. కుళ్ళితే మీ ముక్కుకే తెలుస్తుంది.

పొదిగే డబ్బా, తడి

మూతున్న చిన్న డబ్బాలో వర్మిక్యులైట్ గానీ పెర్లైట్ గానీ (తోటపనికి వాడే, తడిని పట్టి ఉంచే ఖనిజ గుళ్ళు) వాడండి. బరువుతో బరువు కొలవాలి: 100 గ్రాముల వర్మిక్యులైట్‌కు 100 గ్రాముల నీళ్ళు. గ్లాసుతో కొలిస్తే తడి ఎక్కువైపోతుంది, నా మొదటి సీజన్ గుడ్లలో ఒకటి అలా ఉబ్బి పగిలింది. కలిపాక గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. వేలితో చిన్న గుంట చేసి, గుడ్డు సగం మునిగేలా పెట్టండి. డబ్బాకు సూదిమొనంత రంధ్రాలు రెండు చాలు. వారానికోసారి మూత తీసి అర నిమిషం గాలి ఆడనిచ్చి మూసేయండి. తేమ 80 శాతం దగ్గర ఉండాలి.

గుడ్డుకు సొట్ట పడితే కంగారొద్దు. పొదగడం మొదట్లోనో మధ్యలోనో సొట్ట పడిందంటే దాహమని అర్థం. గోరువెచ్చటి నీళ్ళు చెంచాతో డబ్బా అంచున, గుడ్డుకు తగలకుండా పొయ్యండి. ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ నిండుతుంది. ఆఖరి రోజుల్లో పడే సొట్ట మాత్రం శుభవార్త, దాని సంగతి తర్వాత.

బూజు చూసి చాలామంది గుడ్డు పారేస్తారు. బలంగా ఉన్న గుడ్డు బూజునీ తట్టుకుంటుంది. పొడి దూది పుల్లతో మెల్లగా తుడిచి, డబ్బాలో తడి కాస్త తగ్గించండి. బూజుతో పాటు గుడ్డు కుంగి, గోధుమ రంగుకి తిరిగి, వాసన వస్తేనే తీసేయాలి.

ఉష్ణోగ్రత: ఆడా, మగా ఇక్కడే తేలేది

మనుషుల్లో లాగా లెపర్డ్ గెకోలకు లింగం క్రోమోజోముల్లో రాసి ఉండదు. గుడ్డు ఎంత వేడిలో పొదిగిందన్నదాన్ని బట్టి తేలుతుంది. 26-27 డిగ్రీల సెల్సియస్‌లో పొదిగితే దాదాపు అన్నీ ఆడవి. 30-31 దగ్గర రెండూ కలిసొస్తాయి. 32-33లో ఎక్కువ మగవి. ఇంకా పెంచి 34 దాటిస్తే మళ్ళీ ఆడవే వస్తాయి, కానీ అవి కోపిష్టివి, చాలావాటికి గుడ్లు పెట్టే యోగం ఉండదు. ఈ వేడి పిల్లల స్వభావాన్ని కూడా మారుస్తుందని 1980లలోనే మా టెక్సాస్‌లో, ఆస్టిన్ యూనివర్సిటీలో డేవిడ్ క్రూస్ బృందం చూపించింది. పెద్దయ్యాక ఒకే లింగం గెకోల్లో కూడా, ఎక్కువ వేడిలో పుట్టినవి ఎక్కువ దూకుడుగా ఉన్నాయట.

లింగం తేలేది పొదిగే కాలం మొదటి సగంలో. ఆ తర్వాత వేడి కాస్త మార్చినా ఆడది మగది కాదు. చల్లగా పొదిగితే 60-70 రోజులు, 32 దగ్గరైతే 40-45 రోజులు పడుతుంది. మొదటిసారి చేస్తున్నవాళ్ళకి నేను చెప్పేది 27 డిగ్రీలు, అంటే 80-81 ఫారన్‌హీట్. ఆడపిల్లలకు ఇళ్ళు సులువుగా దొరుకుతాయి, పైగా పైకి ఐదు డిగ్రీలు తప్పినా ప్రాణం పోదు. 33లో పెట్టి రెండు డిగ్రీలు తప్పితే గుడ్లు పోతాయి.

కోడిగుడ్ల కోసం అమ్మే థర్మోకోల్ ఇంక్యుబేటర్ సరిపోతుంది, కానీ అందులో గుడ్లు తిప్పే మోటారు ఉంటే తీసేయండి. గుడ్లు రాకముందే రెండు మూడు రోజులు ఖాళీగా నడపండి. డయల్ మీది అంకెను నమ్మకండి, వేరే డిజిటల్ థర్మామీటర్ సెన్సర్‌ను గుడ్డు ఎత్తున పెట్టి చూడండి. నా దాంట్లో డయల్‌కీ లోపలికీ రెండు డిగ్రీల తేడా ఉండేది. కిటికీ పక్కన పెట్టొద్దు, ఎండ పడితే పది నిమిషాల్లో ఉడికిపోతాయి.

కరెంటు పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానప్పుడు మాకు దాదాపు రెండు రోజులు కరెంటు లేదు. ఇంట్లో మేమే మూడు దుప్పట్లలో ఉన్నాం. గుడ్ల డబ్బాను పిక్నిక్ కూలర్‌లో పెట్టి, గ్యాస్ స్టవ్ మీద కాచిన నీళ్ళను సీసాల్లో పోసి, తువ్వాలు చుట్టి పక్కన ఉంచాం. ఐదారు గంటలకోసారి మార్చేవాళ్ళం. లోపల 19 డిగ్రీల దాకా పడింది. టెన్షన్ నాకే, గుడ్లకు కాదు: పిల్లలు వారం ఆలస్యంగా వచ్చాయి, అంతే. గెకో గుడ్డు కొన్నాళ్ళు చలిని ఓర్చుకుంటుంది. 35 దాటిన వేడిని మాత్రం కాసేపు కూడా ఓర్వదు. సీసా గుడ్ల డబ్బాకు తగలకుండా చూసుకోవడమే అందులో కిటుకు.

పిల్ల బయటికొచ్చే రోజు

ఒకట్రెండు రోజుల ముందు గుడ్డు మీద చెమట పట్టినట్టు చిన్న నీటి బొట్లు తేలతాయి, కాస్త కుంగుతుంది కూడా. ఆ తర్వాత పెంకు మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలిక. పిల్ల మూతి కొసన ఉండే చిన్న పళ్ళ జంట పని అది, తర్వాత ఊడిపోతాయి. చీలికలోంచి మూతి మాత్రం పెట్టి గంటల తరబడి అలాగే ఊపిరి పీలుస్తూ ఉంటుంది. ఒక రోజు దాకా పట్టొచ్చు. లోపల పొట్టకు అంటిన పచ్చసొన సంచి ఆ సమయంలోనే లోపలికి ఇంకుతోంది. మీరు లాగితే ఆ సంచి చిరుగుతుంది, పిల్ల దక్కదు.

జంటలో ఒకటి వచ్చి ఒకటి రాకపోతే ఒకట్రెండు రోజులు ఆగండి. బయటికొచ్చిన దాన్ని తీసేయండి, లేకపోతే రెండో గుడ్డు మీద తొక్కుతూ తిరుగుతుంది. పొట్ట మీద ఇంకా సొన సంచి వేలాడుతుంటే తడి టిష్యూ పరిచిన చిన్న కప్పులో, ఇంక్యుబేటర్ లోపలే, అది ఇంకేదాకా ఉంచండి.

పిల్ల మూడు గ్రాముల చిల్లర బరువు, మూడు అంగుళాల పొడవు. పసుపు, నలుపు పట్టీలతో ఉంటుంది, చుక్కలు పెద్దయ్యాకే. వేలు దగ్గరికి తెస్తే ఒళ్ళు పైకి లేపి, నోరు తెరిచి, కీచుమని అరుస్తుంది. మూడు గ్రాముల ప్రాణానికి అంత గొంతేమిటో! మా అమ్మాయి మొదటిసారి విని ఏడ్చింది. భయపడిన పిల్ల చేసే పనే అది, జబ్బు కాదు.

మొదటి వారం

విడివిడిగా పెంచండి. ఒకే డబ్బాలో రెండు పిల్లలుంటే బలమైనది తిండి లాక్కుంటుంది, రెండోదాని తోక కొరుకుతుంది. చెప్పుల డబ్బా అంత ప్లాస్టిక్ టబ్ చాలు, పక్కలకు గాలి రంధ్రాలు చేయండి. అడుగున పేపర్ టవల్. ఇసుక వద్దే వద్దు, తిండితో పాటు మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. టబ్ మూడో వంతు కింద హీట్ మ్యాట్, దానికి తప్పకుండా థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం). వెచ్చటి చోట 31-32, చల్లటి వైపు 24-26. ఒక వెచ్చటి దాగుడు (దాక్కునే గూడు), ఒక తడి దాగుడు, సీసా మూతలో నీళ్ళు. లోతు గిన్నె పెట్టకండి.

మొదటి రెండు మూడు రోజులు ఏమీ తినదు, లోపలి సొన మీదే బతుకుతుంది. మొదటి కుబుసం విడిచి, దాన్నే తినేశాక ఆకలి మొదలవుతుంది. ఈలోగా నోట్లో పురుగు కుక్కే ప్రయత్నం చేయకండి. వారం, పది రోజులు గడిచినా ముట్టకపోతే, తోక సన్నబడుతుంటే, సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తిండి

కొలత సులువు: పురుగు వెడల్పు గెకో రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. పావు అంగుళం క్రికెట్లు (పెట్ షాపు కీచురాళ్ళు), చిన్న మీల్‌వర్మ్‌లు (పిండి పురుగులు), డూబియా బొద్దింక పిల్లలు. రోజూ ఐదు నుంచి ఏడు. పెట్టబోయే ముందు రోజంతా ఆ పురుగులకు క్యారెట్, ఆకుకూరలు వేయండి, వాటి కడుపులో ఉన్నదే మీ గెకో తిండి. విటమిన్ డీ3 కలిసిన కాల్షియం పొడిలో దొర్లించి వెయ్యండి, వారానికోసారి మల్టీవిటమిన్. కాల్షియం తక్కువైతే ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకర పోతాయి, అది తిరిగి సరికాదు.

తినని క్రికెట్లను రాత్రి డబ్బాలో వదలకండి, నిద్రపోయే పిల్లను అవే కొరుకుతాయి. పెరట్లో పట్టిన పురుగులు వద్దు, వాటి మీద మందు చల్లి ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా మిణుగురులు వద్దు. వాటిలోని విషం బల్లి జాతులను చంపుతుంది, ఒక్కటి చాలు. ఇక్కడ జూన్ వస్తే పిల్లలు సీసాల్లో మిణుగురులు పట్టుకొస్తారు, మా ఇంట్లో ఆ సీసా గెకోల గది గడప దాటదు.

వారానికోసారి వంటింటి డిజిటల్ తూకం మీద, చిన్న కప్పులో పెట్టి తూచి రాసుకోండి. ఒక వారం బరువు పెరగకపోతే ఫర్వాలేదు, వరసగా రెండు వారాలు తగ్గితే ఏదో ఉంది: ముందు వెచ్చటి చోటు ఎంతుందో చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు.

కుబుసం, చేతులు

పిల్లలు వారం, రెండు వారాలకోసారి కుబుసం విడుస్తాయి. ప్రతిసారీ వేళ్ళ కొసలు చూడండి. చర్మం ఉంగరంలా మిగిలిపోతే రక్తం ఆడక వేలు ఊడిపోతుంది. అడుగు మాత్రం తడిసేంత గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నిలబెట్టి, తడి దూది పుల్లతో కొస వైపుకు తొయ్యండి. రాకపోతే సాయంత్రం మళ్ళీ. పొడిగా పీకొద్దు.

చేతిలోకి తీసుకోవడం రెండో నెలలో మొదలుపెట్టండి, అదీ రోజుకు ఐదు నిమిషాలు, పరుపు మీద కూర్చుని. తోక పట్టకండి, ఊడితే మళ్ళీ వస్తుంది కానీ ముల్లంగిలా వస్తుంది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సరీసృపాల మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. టబ్బులూ గిన్నెలూ వంటింటి సింకులో కడగొద్దు. అమ్మ ఈ ఒక్క విషయంలో నాకంటే కఠినం.

తల్లిని మరవొద్దు

అందరి చూపూ పిల్లల మీదే ఉంటుంది, తల్లి మాత్రం విడతకు రెండు గుడ్ల చొప్పున కరిగిపోతుంటుంది. ట్యాంకులో చిన్న మూతలో కాల్షియం ఎప్పుడూ ఉంచండి. గుడ్లు పెట్టిన రోజు రాత్రి నుంచే మంచి తిండి. తోక సన్నబడితే ఆ సీజన్‌కు ఇక మగదానితో కలపకండి. పొట్టలో గుడ్లు కనిపిస్తూ, రోజుల తరబడి తవ్వి తవ్వి, పెట్టలేక నీరసపడితే గుడ్డు అడ్డం పడిందని అర్థం. అది ఇంట్లో తేలే సంగతి కాదు, అదే రోజు డాక్టరు.

వేరే ఇంటికి పంపేటప్పుడు

రెండు నెలలకు పిల్ల పదిహేను గ్రాముల దగ్గరికి వస్తుంది, తనంతట తాను వేటాడి తింటుంది. వరసగా నెల రోజులు బాగా తిని, బరువు పెరిగినదాన్నే ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక కాగితం రాసివ్వండి: పుట్టిన తేదీ, తల్లిదండ్రులు ఏ రకం, ఎంత వేడిలో పొదిగారు, ఏం తింటోంది, ఆఖరి బరువెంత. పొదిగిన వేడి రాయడం చాలామంది మర్చిపోతారు. 27లో పొదిగిన ఆడది అని రాసి ఉంటే, దాన్ని తీసుకున్నవాళ్ళు ఇంకో గెకోతో కలపాలా వద్దా అని తికమక పడరు.